గొంతుపట్టీ

“మెడకి ఏదీ బిగించుకోకే తల్లీ. పలుపైనా ఒకటే, పట్టీ అయినా ఒకటే. ఏదో రోజున పీక పట్టుకుంటాది.”

అసిరమ్మ ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. పట్టీ అట్టపెట్టెలోంచి బయటికి కూడా రాలేదు. వీధరుగు మీద కూతురు ఆ పెట్టె మూత విప్పుతోంది. మొగుడు అప్పలసూరి కాళ్ళు చాపుకుని వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. ఉప్పుచేపలు ఆరబోసిన చాట ముందు కూర్చుని ఆమె మాత్రం రాబోయే కీడునంతా అప్పటికే కళ్ళారా చూసేసింది.

అప్పలసూరి నవ్వాడు. భార్య భయాలకు ఆ ఊళ్ళో పెట్టింది పేరు. గ్యాసుబండ మార్చిన రోజున ఆమె కట్టెల పొయ్యి మీదే వండుతుంది. బస్సెక్కితే డ్రైవరు ఆవలిస్తున్నాడేమోనని అద్దంలో అతని మొహమే చూస్తుంది. మబ్బుతునక కనిపిస్తే రేడియో పెడుతుంది, రేడియోవాళ్ళు తుఫాను లేదంటే దాచిపెడుతున్నారంటుంది. సముద్రం ఒడ్డున పుట్టింది గాని మీ అమ్మకి బిందెలో నీళ్ళన్నా బయమేనని అతను కూతురితో అన్నాడు.

ఆ భయానికి వేరు లేకపోలేదు. ఈ పిల్లకు ముందు ఇద్దరు పుట్టి, పురిటి వాసన పోకముందే పోయారు. మూడోది పుట్టగానే ఊరి ఆచారం ప్రకారం చాటలో పడుకోబెట్టి ఎదురింటి నూకాలుకు సోలెడు తవుడుకి అమ్మేశారు. ఆ తవుడు తీసుకుని, పిల్లను మళ్ళీ తెచ్చుకుని పెంచుకున్నారు. తవుడుపాటి చెయ్యని సరుకనుకుని మృత్యువు ఆ పిల్ల జోలికి రాదని నమ్మకం. అందుకే తవిటమ్మ అని పేరు. పిల్లకి మొదట వచ్చిన మాట అమ్మా కాదు, అత్తా కాదు. ‘ఒల్ల’, నాకొద్దని. పాలు పడితే ఒల్ల, తలకి నూనె రాస్తే ఒల్ల, బడికి బయల్దేరదీస్తే ఒల్ల. అప్పలసూరి దాన్ని ఒల్లమ్మా అని పిలిచి ఏడిపించేవాడు. విశాఖపట్నం కాలేజీ హాస్టల్లో ఒకసారి ‘నాకొల్ల’ అంటే తోటి పిల్లలు పడీపడీ నవ్వారట. ఆనాటినించి తవిటమ్మ ‘వద్దండీ’ అనడం నేర్చుకుంది. ఇప్పుడు ఇంట్లో కూడా వద్దండీయే. ఆమె పనిచేసే కచేరీలో తవి అంటారు.

ఆ కచేరీ పేరు తీరవేదిక. ప్రభుత్వానిదీ కాదు, కంపెనీదీ కాదు. ఒడ్డున బతికే జనం తరఫున మాట్లాడటానికి జనమే పెట్టుకున్న సంఘం. చలిదేశాలు కొన్నీ మన దేశమూ కలిసి ఒక ఒప్పందం మీదికి వచ్చాయి. మన సముద్రంలో గాలిమరలు నిలబెడతారు. ఆ కరెంటుతో ఒడ్డున ఒక కర్మాగారంలో నీటిని విడగొట్టి ఇంధనం తీసి ఓడలకెత్తుతారు. అక్కడా ఇక్కడా బొగ్గు కాల్చడం తగ్గుతుంది, సముద్రం పొంగడం నెమ్మదిస్తుంది. ఒడ్డువాళ్ళ సమ్మతి లేకుండా ఒక్క స్తంభం కూడా దిగకూడదని, ఆ సమ్మతిని తీరవేదిక లాంటి సంఘాలే అడిగి తేవాలని అందులో ఒక షరతు ఉంది. దేశదేశాల సంఘాలు ఏళ్ళ తరబడి పట్టుబట్టి రాయించిన షరతు అది. తవిటమ్మకు దాని గురించి చెప్పేటప్పుడు మొహం వెలిగిపోతుంది.

కాని సమ్మతి అడగడమెలా అన్నదే తెగలేదు. సభ పెడితే ఇస్త్రీ చొక్కా వేసుకున్న నలుగురు మైకు పట్టుకుంటారు. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని వెనక వరసలో కూర్చుంటారు. కుళాయి దగ్గర ఏడు తరాలనూ కడిగి ఆరేసే నూకాలు కూడా మైకు మూతి చూస్తే మూగదైపోతుంది. ఎవరి గొంతులో మాట వాళ్ళ గొంతులోనే ఉండిపోతుంది. ఆ ఉండిపోయిన మాటను బయటికి తీయడానికే ఈ పట్టీ పుట్టింది.

తవిటమ్మ దాన్ని తండ్రి మెడకు చుట్టింది. బూడిదరంగు మెత్తటి పట్టీ, లోపలివైపు ఆవగింజలంత గుండీలు. నువ్వేం మాట్లాడక్కర్లేదు నాన్నా, అనాలనుకుంటే చాలని చెప్పింది. మాట నోటికి రాకముందే గొంతు లోపల కదులుతుందనీ, ఆ కదలికను ఇది పట్టుకుంటుందనీ చెప్పి, గాలిమరలు రావడం నీకిష్టమేనా అని అడిగింది. అప్పలసూరి పెదవి విప్పలేదు. ఆమె ఫోను మీద అక్షరాలు వాటంతట అవే పడ్డాయి. వస్తే రానీ, నా పడవ ఎక్కడ కట్టుకోమంటారో ముందది చెప్పండి, మా తాతకాడినించి పడవ దిగే చోటది.

అతను ఆ అక్షరాలకేసి చూసి గుండె రుద్దుకున్నాడు. “బండ దింపినట్టున్నాదే” అన్నాడు.

అసిరమ్మకు ఆ మాట నచ్చలేదు. బండ దిగడం మంచిదే. కాని మూడు నెలలుగా అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా పడవ ఎక్కడ కట్టాలని గొణిగే మనిషి ఆ రోజు గొణగలేదు. పులుసు బాగుందనీ అనలేదు, ఉప్పు ఎక్కువైందనీ అనలేదు. తిని చెయ్యి కడుక్కున్నాడు.

తరువాత పట్టీ ఆమె మెడకీ ఎక్కింది. కూతురు అడగడమే తరవాయి, ఆమె నోరు కట్టలు తెంచుకుంది. ఆ మరలు తుఫానులో విరిగి ఇళ్ళ మీద పడితే ఏం గతని, ఆ కర్మాగారం పేలితే ఎటు పరిగెత్తాలని, చేపలు బెదిరి ఒరిస్సా పోతే తినేదేమిటని అడిగింది. పోనీ అవి రాకపోతే సముద్రం ఇంకో వరస ఇళ్ళు మింగదా, అదీ బయమేనంది. ఫోను మాత్రం తెల్లగానే ఉంది. చివరికి ఒకే మాట పడింది. మౌనం. దాని కింద చిన్న అక్షరాల్లో అర్ధాంగీకారం.

అయిదో తరగతి చదువుతో అసిరమ్మ ఆ రెండు మాటలూ కూడబలుక్కుని చదివింది. ఇదేటని అడిగింది.

తవిటమ్మ కాస్త సిగ్గుపడింది. సంగతేమిటంటే, పట్టీ తయారుచేసేటప్పుడు చలిదేశాలవాళ్ళు ఒక ప్రశ్న వేశారు. ఎంత అడిగినా గొంతులో ఏమీ కదలకపోతే దాన్ని ఏమని రాయాలి, మీ జనంలో మౌనానికి అర్థమేమిటి అని. తవిటమ్మ నవ్వుతూ మా పెద్దవాళ్ళు మౌనం అర్ధాంగీకారమంటారని చెప్పింది. హాస్యానికన్నది. పెళ్ళిచూపుల్లో పిల్ల తల వంచుకుంటే ముసలమ్మలు అనే మాట. వాళ్ళకది ఎంతో నచ్చింది, స్థానికుల జ్ఞానమన్నారు. యంత్రంలో లెక్కగా ఎక్కించేశారు. ఏమీ అనని ప్రతి మనిషీ సగం ఒప్పుకున్నట్టే.

“మరి నానింతసేపు వాగినాను గదే.”

“పైకి అన్నది ఇది పట్టుకోదమ్మా. పైకి జనం ఒకరికొకరు జడిసి మాట్లాడతారు. లోపల మిగిలిందే అసలుది. నీకేమో లోపల ఏమీ మిగలదు.”

“జడిసి కూడా పైకి అన్నాననుకో,” అంది అసిరమ్మ, “దానికి ఇలవ ఎక్కువుండాల గదా.”

అప్పలసూరి నవ్వుతాడనుకుని అటు చూసింది. అతను వల కుట్టుకుంటున్నాడు.

ఆ తరువాత తుఫాను షెల్టరు ముందు కొన్నాళ్ళు జాతరలా ఉంది. జనం వరస కట్టి మెడకు పట్టీ చుట్టించుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక తమను ఎవరూ ఏమీ అడగని ఆడవాళ్ళు, ఫోను మీద తమ మాటలు తామే చూసుకుని కళ్ళు తుడుచుకున్నారు. నూకాలు ఎంతోసేపు కూర్చుంది. అత్త చేసిన అన్యాయం దగ్గర్నుంచి సముద్రంలో కలిసిన తన వంటిల్లు దాకా అంతా కక్కేసి, పక్షిలా తేలికైపోయి మెట్లు దిగింది. మంచి పని చేశావే తవిటీ అని అందరూ దీవించారు. అసిరమ్మ ఒక్కతే, ఇంత తేలికైతే మనిషి గాలికి కొట్టుకుపోడా అని సణిగింది. ఆ సణుగుడు ఎవరూ వినలేదు.

మొదట కుళాయి దగ్గర తగువు ఆగిపోయింది. బిందెలు వరసగా కూర్చున్నాయి, నిండాయి, వెళ్ళిపోయాయి. ఆ వరసలో మునపటి తోపులాట లేదు, తిట్టు లేదు. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. అసిరమ్మ మాత్రం ఊరుకోలేదు. కావాలని నూకాలు బిందెను పక్కకు జరిపి తన బిందె ముందు పెట్టింది. ఒకప్పుడైతే ఆ పనికి నూకాలు తిట్టే తిట్లకు అసిరమ్మ తరపు చచ్చిన తాతలు కూడా లేచి కూర్చునేవారు. నూకాలు ఓ చూపు చూసి, పోనీలే అన్నట్టు వెనక నిలబడింది.

తరువాత పెద్దవల రోజు వచ్చింది. ఆ వల లాగాలంటే ఊళ్ళో సగం మంది కావాలి. రెండు మోకులు, రెండు వరసలు, ముందొకడు పాట అందుకుంటే వెనకవాళ్ళు హైలెస్సా అని ఊపిరి కలుపుతారు. ఆ కేక మీదే పాదాలన్నీ ఒక్కసారి ఇసుకలో దిగబడతాయి. ఆ రోజు ఎవడూ అందుకోలేదు. అందరూ లాగారు, ఎవడికి తోచినప్పుడు వాడు లాగాడు. అల వెనక్కి తీసినప్పుడు మోకు ఒక్కసారిగా జారింది. అప్పలసూరి అరచేతుల తోలు దానితో లేచిపోయింది. పక్కనున్నవాళ్ళు చూశారు. ఒకడూ అయ్యో అనలేదు. అతనూ అబ్బా అనలేదు. ఎర్రటి చేతులు రెండూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటూ ఇంటికొచ్చాడు.

పసుపు అద్ది గుడ్డ కడుతూ అసిరమ్మ అతన్ని తిట్టింది, బతిమాలింది, నొప్పిగా ఉందా లేదా అదైనా చెప్పమంది. అతనికి చెప్పాలని లేకపోవడం కాదు. ఎప్పుడో చెప్పేసినట్టు, మళ్ళీ చెప్పడం దండగన్నట్టు చూశాడు. ఆ చూపు చూసి ఆమె ఫోను అందుకుని కూతురికి కలిపింది. జరిగిందంతా చెప్పింది. అవతలనుంచి ఊఁ అని వినపడింది. ఇంకాసేపటికి ఆ ఊఁ కూడా ఆగిపోయి, ఊపిరి ఒక్కటే మిగిలింది.

ఊరూరా పట్టీ సరిచూసేది తవిటమ్మే. ప్రతి చోటా ముందు తన మెడకు చుట్టుకుని, అది సరిగ్గా పనిచేస్తోందని తేల్చుకుని, అప్పుడే జనానికి కట్టేది. ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కసారి కట్టుకున్నదాన్ని ఆమె నెలల తరబడి కట్టుకుంది.

అసిరమ్మ మర్నాడే బస్సెక్కింది. ఆ దారి పొడుగునా డ్రైవరు మొహం చూడటం మరిచిపోయింది.

విశాఖపట్నంలో ఆ పట్టీలు తయారయ్యే ప్రయోగశాల సముద్రానికెదురుగా ఉన్న మేడలో మూడో అంతస్తు. అద్దాల గదిలో తవిటమ్మ కూర్చుని ఉంది, మెడకు పట్టీ ఉంది. తల్లిని చూసి లేచి నవ్వింది. పెదవులు కదల్లేదు. పక్కనున్న తెర మీద అక్షరాలు పడ్డాయి. అమ్మా వచ్చావా. కూర్చో. అన్నం తిన్నావా.

అసిరమ్మ గుమ్మంలోనే నిలబడి అక్షరమక్షరం కూడబలుక్కుంది. కన్నకూతురు అన్నం తిన్నావా అని అడగడం తెలియడానికి అంతసేపు పట్టింది.

“నోటితో అడగవే” అంది.

తవిటమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉంది. మాట తెర మీద పడిపోయింది గదా, ఇంకేం అడగాలన్నట్టు కాస్త ఇబ్బందిగా నవ్వి మూసుకుంది.

ఆ పట్టీ తయారుచేసిన పెద్దమనిషి కామేశంగారు తనే కాఫీ తెచ్చి ఇచ్చాడు. మంచివాడే. కళ్ళ కింద చారలు చూస్తే ఆయనకూ నిద్ర పట్టడం లేదని తెలుస్తుంది. అసిరమ్మ కాఫీ ముట్టకుండా అడగడం మొదలుపెట్టింది. ఆయన దాటవేయకుండా చెప్పాడు. గొంతులో కదిలిన మాటను పట్టీ అందుకుంటుంది. అందినట్టు గొంతుకు తెలియకపోతే అదే మాట మళ్ళీ మళ్ళీ కదులుతూ ఉంటుంది, యంత్రానికి ఊపిరాడదు. అందుకని అందిన ప్రతి మాటకూ పట్టీ తిరిగి చిన్న తాకిడి ఒకటి ఇస్తుంది, వీపు తట్టినట్టు. దాంతో మెదడు ఆ మాట పలికేశాననుకుంటుంది. పలికిన మాటకిక తొందర ఉండదు. అదొక్క మాటతో ఆగుతుందనుకున్నాం, అన్నాడాయన. ఆగలేదు. మెదడు ఆ హాయికి అలవాటుపడి, మాట పుట్టకముందే పలికేశాననుకోవడం మొదలుపెట్టింది.

ఇది తీసేస్తే మాట తిరిగొస్తుందా అని ఆమె అడిగింది. కొందరికి వచ్చిందన్నాడు. తక్కినవాళ్ళకో అంటే కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఈ సంగతి ఒప్పందంవాళ్ళకు చెప్పారా అంటే చెప్పామన్నాడు. పట్టీ కట్టుకున్న గ్రామాల్లో ప్రశాంతత పెరిగిందని రాసి పంపామన్నాడు. ఆ మాట తన చెవికే రుచించక చివర్లో గొంతు తగ్గించాడు.

“మరి ఆపీండి బాబూ.”

“ఆపితే ఈ సమ్మతి చెల్లదమ్మా. సమ్మతి చెల్లకపోతే మరలు వేరే ఒడ్డుకు పోతాయి, లేదా ఎక్కడికీ పోవు. బొగ్గు కాలుతూనే ఉంటుంది. మీ ఊరిని ఎవరు తినేస్తున్నారో మీకు నేను చెప్పాలా?” కిటికీలోంచి సముద్రం కేసి చెయ్యి చూపించాడు. “నాకు దాన్ని చూస్తే భయమేస్తుంది.”

ఇన్నాళ్ళకు తనలాగే భయపడే మనిషొకడు దొరికాడు. వేరే రోజైతే అసిరమ్మ అతనితో పొద్దుగుంకేదాకా కూర్చునేది. “నాకు నీకన్నా ఎక్కువ బయం బాబూ” అంది. “అయినా సరే, నా కన్న గుంట నోరు దానికెర ఎయ్యలేను.”

లేచి కూతురి మెడ మీది పట్టీ తనే విప్పింది. తవిటమ్మ అడ్డు చెప్పలేదు, సహకరించనూ లేదు. పట్టీ ఉన్నచోట చర్మం చుట్టూ తెల్లగా చార దిగింది. దండ తీసినా ఇంత తెల్లటి చార ఉండదు. అసిరమ్మ దాని మీద వేలు పెట్టి, వెంటనే తీసేసింది.

ఇంటికి తెచ్చాక మాటలతో ముంచెత్తింది. చిన్నప్పటి సంగతులు చెప్పింది. కావాలని అబద్ధాలు చెప్పింది, కాదమ్మా అంటుందేమోనని. తలకు గిన్నెడు నూనె పోసింది. పిల్ల కణతల వెంబడి నూనె కారుతుంటే వద్దనలేదు. కూరలో ఉప్పు రెట్టింపు వేసి పెట్టింది. అప్పలసూరీ తవిటమ్మా ఇద్దరూ కూర్చుని ముద్ద ముద్దా తినేశారు. తన వంటను తనే ఉమ్మేసి, గోడ వైపు తిరిగి అసిరమ్మ ఏడ్చింది.

కడకు ఆమెకు తవుడు గుర్తొచ్చింది. ఒకసారి అమ్మితే బతికిన పిల్ల. మళ్ళీ అమ్మితే మాట బతకదా. వయసొచ్చిన ఆడపిల్ల చాటలో పట్టదు గనుక చాటను ఒళ్ళో పెట్టి, నూకాలు గుమ్మం ముందు కూర్చోబెట్టింది. నూకాలు అంతా చూసి, లోపలికెళ్ళి సోలెడు తవుడు తెచ్చి చాటలో పోసింది. ఇక ఒక్క మాట మిగిలింది. అమ్మేవాళ్ళు కొంటావా అనాలి, కొనేవాళ్ళు కొన్నాను అనాలి. అప్పుడే బేరం. లేకపోతే మృత్యుదేవత కూడా నమ్మదు.

“ఓలప్పా, కొంటావేటే?” అంది అసిరమ్మ.

నూకాలు ఆమెకేసి చూసింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. కొన్నాననే ఉద్దేశమే ఆ మొహమంతా. కాని మాట లేదు. అసిరమ్మ మళ్ళీ అడిగింది. ఇంకోసారి అడిగింది. గాలికి తవుడు కొంచెం కొంచెంగా చాటలోంచి లేచిపోయింది. చివరికి ఆమె చాట తీసుకుని లేచింది. బేరం కుదరలేదు. ఎంత ప్రేమ ఉన్నా, ఎంత తవుడు పోసినా, కొన్నానని నోటితో అనకపోతే కొన్నట్టు కాదు. ఆ ముక్క ఇంటిదాకా వచ్చి, ఇంట్లోకీ వచ్చి, అన్నం వార్చేటప్పుడు కూడా ఆమెను వదల్లేదు.

ఒప్పందంవాళ్ళు వచ్చిన రోజున తుఫాను షెల్టరు పైహాలు నిండిపోయింది. అంత జనం ఉన్నా పంకాల చప్పుడు వినిపిస్తోంది. చలిదేశాల తరఫున వచ్చినావిడ పేరు ఇంగ్రిద్. నెరిసిన జుట్టు, నూలుచీర, చెమటకు కందిపోయిన మొహం. కామేశంగారు పక్కన కూర్చున్నాడు. దుబాసీ కుర్రవాడు ఆవిడ మాటలు తెలుగులో చెప్పాడు. ఈ ఒడ్డున ముప్పాతిక వంతు మంది సమ్మతించారనీ, ఇంత నెమ్మదైన గ్రామం తానింతవరకు చూడలేదనీ ఆవిడ అంది. ఎవరికైనా చెప్పవలసింది ఉందా అని అడిగింది.

ఎవరూ కదల్లేదు.

పై అంతస్తు కూలుతుందేమోనని గోడను ఆనుకుని కూర్చున్న అసిరమ్మ లేచి నిలబడింది. దుబాసీ తన దగ్గరున్న తెర చూసుకుని, మీ అభిప్రాయం నమోదయిందండీ, మౌనమని ఉంది అని మర్యాదగా చెప్పాడు. అసిరమ్మ ఆగలేదు. తవుడు కథంతా చెప్పింది, ఇద్దరు పోవడం, మూడోదాన్ని అమ్మడం, మొన్న బేరం చెడిపోవడం. దుబాసీ ఒక్కొక్క వాక్యమే మార్చి చెబుతుంటే ఇంగ్రిద్ రాసుకోవడం మానేసి వింది.

“ఆ మరలు మాకొద్దని నాననను, కావాలనీ అనను” అంది అసిరమ్మ. “రెండిటికీ నాకు బయమే. సోలెడు తవుడు బేరానికే నోటిమాట గావాల మాకు. ఇంత సముద్రానికి అక్కర్నేదేటి? ఈలందరూ కూకున్నారు, సూడండి. ఈల మాట మీరట్టుకుపోనారు. ఉత్త గొంతుల్ని సూసి ఒప్పేసుకున్నారని రాసెత్తన్నారు.”

ఇంగ్రిద్ తన ముందున్న ఒప్పందం కాగితాలు తిరగేసింది. తరువాత ఒప్పందంలో ఒక మాటుందని గుర్తుచేసింది. సమ్మతి ఎవరి ఒత్తిడీ లేకుండా వచ్చిందేనని సేకరించిన సంఘం తరఫున ఒకరు ఈ సభలో నోటితో చెప్పాలి. అది సంఘాలే పట్టుబట్టి పెట్టించిన మాట. ఇంతవరకూ ప్రతి ఊళ్ళోనూ లాంఛనంగా జరిగిపోయింది. ఆవిడ తిరిగి తవిటమ్మ వైపు చూసింది. ఈ సమ్మతి చెల్లుతుందని తీరవేదిక తరఫున మీరు ఒప్పుకుంటున్నారా అని దుబాసీ అడిగాడు.

తవిటమ్మ లేచి నిలబడింది. మెడ మీద తెల్లచార అలాగే ఉంది.

నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

కామేశంగారు తల వంచుకున్నాడు. దుబాసీ సందేహంగా తెరకేసి చూసి, ఆమె ఏమీ అనకపోతే మన లెక్క ప్రకారం సగం ఒప్పుకున్నట్టేనని, ఈ లాంఛనానికి సగం చాలునని నెమ్మదిగా చెప్పాడు. ఆ లెక్క ఎవరి హాస్యంలోంచి పుట్టిందో తవిటమ్మకు తెలుసు. ఆమె మొహం కందిపోయింది.

అసిరమ్మ నాలుక చివరికి వంద మాటలు వచ్చాయి. చెప్పవే, కాదనవే, నీకు చేతకాకపోతే నేను చెబుతానే. పుట్టింది మొదలు ఆ పిల్ల అనవలసినవన్నీ తనే ముందుగా అనేస్తూ వచ్చింది. ఇప్పుడూ అనేస్తే ఇక దానికి అనవలసిందేమీ మిగలదు. కొంగు చివర నోట్లో కుక్కుకుని పళ్ళ బిగువున పట్టింది. బతుకులో మొదటిసారి ఆమె భయమంతా గొంతులోనే నిలబడింది. ఊపిరాడలేదు. అయినా నోరు విప్పలేదు.

పంకాలు తిరిగాయి. కింద అలలు వచ్చి పోయాయి. ముందు వరసలో పసిపాప ఒకటి తుమ్మింది, తల్లి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. గుడ్డ కట్టిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అప్పలసూరి కూతురినే చూస్తున్నాడు. నూకాలు పెదవులు కలిసి, విడివడి, మళ్ళీ కలిశాయి. ఇంగ్రిద్ కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. తవిటమ్మ తన మెడ తానే తడుముకుంది, ఆ చార వెంబడి ఈ చివరినుంచి ఆ చివరిదాకా. గుటక పడింది. నుదుట నరం లేచింది. కాలేజీలో నేర్చిన మర్యాద మాట కోసం వెతికింది కాబోలు, అది దొరకలేదు. ఇంకా లోపలికి, ఆ పట్టీకి అందని చోటికి, చాటకీ తవుడుకీ పాలగిన్నెకీ దగ్గరగా ఎక్కడికో వెళ్ళింది.

దుబాసీ రాయడానికి వంగాడు.

“ఒల్ల” అంది తవిటమ్మ.